చెరకు తోట కలిపిన జనం: సూరినామీయులు అంటే ఎవరు?

సూరినామ్‌లో జావా సంతతి ముస్లింల మసీదులన్నీ ఒకే దిక్కును చూడవు. కొన్ని తూర్పుకు తిరిగి ఉంటే మరికొన్ని పడమరకు తిరిగి ఉంటాయి. జావా ద్వీపం నుంచి చూస్తే మక్కా పడమటి దిక్కున ఉంటుంది. తోట కూలీలుగా ఓడలెక్కి దక్షిణ అమెరికా చేరిన జావా వాళ్ళు తాతముత్తాతల నాటి అలవాటును అలాగే ఉంచుకుని, కొత్త నేల మీద కూడా పడమటికే తిరిగి నమాజు చేశారు. ఇక్కడి నుంచి మక్కా తూర్పున ఉందని తరువాతి కాలపు సంస్కరణవాదులు ఎత్తిచూపాక సమాజం రెండుగా చీలింది. తూర్పు నమాజు వాళ్ళు, పడమటి నమాజు వాళ్ళు అనే ఆ తేడా నేటికీ పూర్తిగా పోలేదు. భూగోళం దృష్టిలో ఒక పక్షం పొరబడి ఉండవచ్చు గాని, చరిత్ర దృష్టిలో వారిది పొరపాటు అనలేము. వాళ్ళు తిరిగింది తమ ఊరి మసీదు తిరిగిన దిక్కుకే. సూరినామ్‌లో ఏ వర్గాన్ని కదిలించినా ఇలాంటి కథే ఒకటి బయటపడుతుంది: ఓడ దిగి శతాబ్దం దాటినా వదలని పాత దిక్కు ఒకటి, కొత్త నేల నేర్పిన దిక్కు ఒకటి.

దేశం చిన్నది. దక్షిణ అమెరికా ఖండపు ఈశాన్య తీరాన గయానాకూ ఫ్రెంచ్ గయానాకూ నడుమ ఉన్న సూరినామ్ విస్తీర్ణం సుమారు 1,63,800 చదరపు కిలోమీటర్లు, అంటే రమారమి నేటి ఆంధ్రప్రదేశ్ అంత. జనం మాత్రం ఆరు లక్షలకు కాస్త ఎక్కువ. అందులో సగం మంది దాకా రాజధాని పారామారిబోలోను, దాని చుట్టుపక్కలా ఉంటారు. నేలలో 90 శాతానికి పైగా అడవి. ఇంత కొద్దిమందిలో ఎవరికీ మెజారిటీ లేకపోవడం విశేషం. 2012 జనాభా లెక్కల్లో భారత సంతతి వారైన హిందుస్తానీలు 27.4 శాతం, అడవిలోకి పారిపోయిన ఆఫ్రికా బానిసల వారసులైన మరూన్లు 21.7, తోటల్లో మిగిలిన బానిసల వారసులైన క్రియోల్‌లు 15.7, జావా వాళ్ళు 13.7, మిశ్రమ సంతతి 13.4, ఆదివాసులు 3.8, చైనీయులు 1.5 శాతంగా తేలారు. ఈ పట్టికను చూసి ప్రపంచపు నలుమూలల నుంచి జనం వచ్చి ఇక్కడ కలిసిపోయారని రాసేవాళ్ళు చాలామంది. అయితే వీరిలో అత్యధికులు తమంతట తాము వచ్చినవారు కారు. వచ్చిన క్రమమూ యాదృచ్ఛికం కాదు. ఒక వర్గం తోట పని వదిలిన ప్రతిసారీ ఆ ఖాళీలోకి మరో వర్గాన్ని దింపారు. సూరినామీయుల చిక్కుముడికి కొస అక్కడ దొరుకుతుంది.

తోటలకు ముందు ఈ తీరం కలిన్యా, లోకోనో ప్రజలది. దక్షిణపు అడవుల్లో త్రియో, వయానా తెగలు నేటికీ ఉన్నాయి. 1650లో బార్బడోస్ నుంచి వచ్చిన ఇంగ్లీషు వాళ్ళు ఇక్కడ చెరకు వలస స్థావరాన్ని నెలకొల్పారు. 1667లో డచ్చి నౌకాదళం దాన్ని పట్టుకుంది. అదే ఏడాది బ్రెడా సంధిలో డచ్చి వాళ్ళు న్యూయార్క్‌ను ఇచ్చి సూరినామ్‌ను పుచ్చుకున్నారని ఒక కథ ప్రచారంలో ఉంది. నిజానికి అక్కడ మారకం జరగలేదు. ఎవరి చేతిలో ఉన్నది వారే ఉంచుకోవాలన్నది సంధి సారాంశం. అయినా చక్కెర పండే బురద తీరం ముందు న్యూయార్క్ వెలసిన మాన్‌హటన్ దీవి డచ్చి వాళ్ళకు అంత విలువైనదిగా తోచలేదన్నది వాస్తవమే. ఇంగ్లీషు వాళ్ళు ఏలింది పదిహేడేళ్ళే గాని, వారి జాడ చెరిగిపోలేదు. ఈ మాటకు భాషల దగ్గర మళ్ళీ వస్తాను.

డచ్చి తోటల కోసం ఆఫ్రికా నుంచి సూరినామ్‌కు తెచ్చిన బానిసలు సుమారు రెండు లక్షల మంది. 1863 జూలై 1న బానిసత్వం రద్దయిన నాడు విముక్తి పొందినవారు సుమారు 33 వేలు. వచ్చినవారి పిల్లలు, మనవలు, మునిమనవలతో కలిపి లెక్కించినా మిగిలింది అంతే. ఈ తోటల క్రూరత్వం గురించి ఎన్ని వర్ణనలు ఉన్నా ఈ రెండు అంకెలు చెప్పినంత నిక్కచ్చిగా అవి చెప్పలేవు. విముక్తి నాడు ప్రభుత్వం పరిహారం కూడా చెల్లించింది, ఒక్కొక్క మనిషికి 300 గిల్డర్ల (డచ్చి నాణెం) చొప్పున. అది ముట్టింది యజమానులకు. విడుదలైనవారు ఇంకో పదేళ్ళ పాటు ప్రభుత్వ పర్యవేక్షణ కింద ఒప్పందం రాసి కూలికి పని చేయాలని చట్టం చెప్పింది. అందుకే సంకెళ్ళు తెగాయి అనే అర్థంలో కేతి కోతి అని పిలుచుకునే జూలై 1 పండుగను తలచుకునేటప్పుడు, అసలు విడుదల 1863లో కాదు, 1873లోనే అనేవాళ్ళు ఉన్నారు. బానిసత్వానికి నెదర్లాండ్స్ రాజు క్షమాపణ చెప్పింది 2023 జూలై 1న.

తోటలో మిగిలినవారి వారసులు క్రియోల్‌లు. తోట నుంచి తప్పించుకుని అడవిలోకి పోయినవారి వారసులు మరూన్లు. ఇద్దరి పూర్వీకులూ ఒకే ఓడల్లో వచ్చినా వేర్వేరు వర్గాలయ్యారు. విడదీసింది రక్తం కాదు, పారిపోవడం. సూరినామ్ నైసర్గిక స్వరూపం ఇందుకు తోడైంది. తోటలు తీరపు సన్నని పట్టీలోనే ఉండేవి. వాటి వెనకే మొదలయ్యే అడవిలోకి నదులు తప్ప దారులు లేవు, ఆ నదుల్లో అడుగడుగునా రాళ్ళ మీద విరిగిపడే జలపాతాలు. తరిమి వచ్చిన సైన్యం పడవలు ఆ రాళ్ళ దగ్గర ఆగిపోయేవి. జలపాతాల పైన సారామాకా, న్‌జుకా, మతావై, పామాకా, అలుకు, క్వింతి అనే ఆరు మరూన్ సమాజాలు ఏర్పడ్డాయి. పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన వరి గింజలను ఆడవాళ్ళు జడల్లో దాచి అడవికి చేర్చారని వీరి మౌఖిక చరిత్ర చెబుతుంది. కొన్ని వరి రకాలను ఆ పూర్వ స్త్రీల పేర్లతోనే పిలుస్తారు.

దశాబ్దాల దాడుల తరువాత వలస ప్రభుత్వం చేతులెత్తేసింది. 1760 అక్టోబరు 10న న్‌జుకాలతో, 1762లో సారామాకాలతో, 1767లో మతావైలతో సంధి చేసుకుంది. బానిసత్వ రద్దుకు నూరేళ్ళ ముందే వీరు స్వతంత్రులు. అందుకే అక్టోబరు 10 మరూన్ల దినం. అయితే ఆ సంధుల్లో ఒక చేదు షరతు ఉంది: ఇకపై తోటల నుంచి పారిపోయి వచ్చేవారిని మరూన్లు అప్పగించాలి. మరోవైపు 1772లో ప్రభుత్వం కొందరు బానిసలకు స్వేచ్ఛ ఇచ్చి, ఎర్ర టోపీలు పెట్టి, సంధి చేసుకోని మరూన్ల మీదికి సైనికులుగా పంపింది. తన స్వేచ్ఛకు వెలగా మరొకరి స్వేచ్ఛను అడిగిన ఆ రెండు ఏర్పాట్ల గుర్తు క్రియోల్‌లకు, మరూన్లకు మధ్య చాలాకాలం దూరంగా మిగిలింది.

ఇక హిందుస్తానీలు. విముక్తులైన క్రియోల్‌లు పర్యవేక్షణ గడువు ముగియగానే తోటలు వదిలి పట్టణానికి పోతారని యజమానులకు ముందే తెలుసు. అంతకుముందు 1850లలో చైనా కూలీలను తెచ్చి చూశారు గాని వారు త్వరలోనే దుకాణాల వ్యాపారంలోకి మళ్ళారు. అందుకని 1870లో నెదర్లాండ్స్ బ్రిటన్‌తో ఒప్పందం చేసుకుని భారతదేశం నుంచి కూలీలను తెచ్చుకునే అనుమతి పొందింది. లల్లా రూఖ్ అనే మొదటి ఓడ 1873 ఫిబ్రవరి 26న కలకత్తా విడిచి, జూన్ 5న 399 మందితో పారామారిబో చేరింది. జూలై 1న పర్యవేక్షణ గడువు తీరడానికి సరిగ్గా 26 రోజుల ముందు! ఈ ఒక్క తేదీ చాలు, ఎవరి ఖాళీలోకి ఎవరిని తెచ్చారో చెప్పడానికి. 1916 వరకు 64 ఓడల్లో 34,304 మంది వచ్చారు. ఎక్కువమంది నేటి ఉత్తరప్రదేశ్ తూర్పు భాగం వారు, బీహారు వారు. కూలీలను పోగుచేసే దళారులు ఆ దేశం పేరును శ్రీరామ దేశంగా పలికి యాత్రకు పోతున్నట్టు నమ్మించారని అక్కడి కుటుంబాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

తెలుగు పాఠకులు ఇక్కడ తమవారిని వెతుక్కోవడం సహజం. మద్రాసు, కోరంగి వంటి రేవుల నుంచి మారిషస్‌కు, నేటాల్‌కు, ఫిజీకి, పొరుగున ఉన్న బ్రిటిష్ గయానాకు కూడా తెలుగువాళ్ళు వెళ్ళారు. సూరినామ్ ఓడలు మాత్రం కలకత్తా నుంచే బయలుదేరాయి; అందువల్ల గయానాలో ఉన్నట్టు మద్రాసీలనే ప్రత్యేక సమాజం ఇక్కడ ఏర్పడలేదు. సరిహద్దు నది దాటి గయానాలోకి పోతే మారియమ్మ గుళ్ళు కనిపిస్తాయి. ఇటువైపు తులసీదాసు రామాయణ పారాయణం వినిపిస్తుంది.

ఒప్పందం అయిదేళ్ళది. రోజు కూలి మగవారికి 60 సెంట్లు, ఆడవారికి 40 సెంట్లు. పని మానితే అది కేవలం ఒప్పంద భంగం కాదు, నేరం, శిక్ష జైలు. ఒప్పందం అనే అర్థమున్న ఇంగ్లీషు మాట నోళ్ళలో నలిగి వీరు కంత్రాకీలు అయ్యారు, ఫిజీలో గిర్మిటియాలు అయినట్టే. తొలి ఏళ్ళలో చావులు ఎంత ఎక్కువగా ఉన్నాయంటే కొంతకాలం పాటు ఓడలను ఆపవలసి వచ్చింది. తిరుగుబాట్లూ జరిగాయి. 1884లో జోర్ఖ్ ఎన్ హోప్ తోటలో ఎదురుతిరిగిన కూలీలకు ముందు నిలిచిన తేతరీ అనే స్త్రీ తుపాకీ కాల్పుల్లో చనిపోయింది. 1902లో మారియెన్‌బుర్ఖ్ చక్కెర తోటలో కూలి తగ్గింపుపై ఆగ్రహించిన కూలీలు మేనేజరును చంపగా, మరునాడు సైనికుల కాల్పుల్లో 24 మంది ప్రాణాలు పోయాయి.

అన్నిటినీ ఓర్చుకుని గడువు ముగించినవారిలో సుమారు మూడోవంతు మంది తిరుగు ఓడ ఎక్కారు. మిగిలినవారు ఎందుకు ఉండిపోయారన్న ప్రశ్నకు, 1895 నుంచి అమలైన ఒక బేరం కొంత జవాబు: తిరుగు ప్రయాణపు హక్కు వదులుకుంటే 100 గిల్డర్లు, సాగుకు కాస్త భూమి. ఉన్న ఊళ్ళో ఎకరం కూడా లేని రైతుకూలీకి అది చిన్న విషయం కాదు. ఇంకో కారణం లెక్కలకు అందనిది. నల్లనీళ్ళు, అంటే సముద్రం, దాటివచ్చినవారికి ఊరికి పోతే కులం దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఓడలో తొక్కిడిలో, ఒకే బానలోని తిండి తింటూ మూడు నెలలు గడిపినవారికి కులం కంటే ఓడ బంధుత్వమే గట్టిదైంది. జహాజీ భాయీ అంటే తోబుట్టువుతో సమానం. వారి పిల్లల మధ్య పెళ్ళి సంబంధాలు కలుపుకోవడం కూడా తప్పుగా చూసేవారు. హిందువులూ ముస్లింలూ కలిపి తమను తాము హిందుస్తానీలనే చెప్పుకున్నారు. ఇండియన్ అనే మాట అప్పటికే ఆ దేశపు ఆదివాసులకు పేరుగా ఉండటం ఇందుకు ఒక కారణం.

జావా వాళ్ళను తేవడానికి కారణం కూడా హిందుస్తానీలే. హిందుస్తానీ కూలీలు డచ్చి గడ్డ మీద ఉన్నా బ్రిటిష్ ప్రజలే. వారి ఫిర్యాదులు వినే బ్రిటిష్ కాన్సులు ఒకరు పారామారిబోలో ఉండేవారు. పరాయి ప్రభుత్వం ఎప్పుడైనా గేటు మూసేయగలదన్న భయంతో డచ్చి వాళ్ళు తమ సొంత వలస అయిన జావా వైపు చూశారు. 1890 ఆగస్టు 9న మొదలై 1939 వరకు సుమారు 33 వేల మంది జావా నుంచి వచ్చారు. వారికి ఫిర్యాదు చేసుకునే కాన్సులు లేరు.

ఇలా ఒకరి వెనుక ఒకరుగా దిగినవారిని కలిపింది ప్రభుత్వం కాదు, భాష. అధికార భాష డచ్చి. వీధి భాష స్రానన్ తోంగో. మూడు శతాబ్దాల డచ్చి పాలన తరువాత కూడా దాని పునాది పదాలు ఇంగ్లీషువే. పదిహేడేళ్ళ ఇంగ్లీషు యజమానుల కింద బానిసలు ఆఫ్రికా వ్యాకరణపు పోకడలతో అల్లుకున్న ఆ భాష, యజమాని మారేనాటికే నిలదొక్కుకుంది. ఎలా ఉన్నావని అడగడానికి స్రానన్‌లో ఫా వాకా అంటారు, నడక ఎలా ఉందని అర్థం. తెలుసు అనడానికి సబీ, పసివాడికి పికిన్: ఈ రెండూ పోర్చుగీసు నుంచి వచ్చినవి. పోర్చుగీసు మాటలు సారామాకా భాషలో ఇంకా ఎక్కువ, ఎందుకంటే వారి పూర్వీకుల్లో చాలామంది పారిపోయింది పోర్చుగీసు మూలాలున్న యూదుల తోటల నుంచి. ఆ యూదులు సూరినామ్ నది ఒడ్డున యోడెన్‌సవాన్నె అనే ఊరు కట్టుకుని 1685లో సినగాగు (యూదుల ప్రార్థనా మందిరం) నిర్మించారు. 2023లో ఆ శిథిలాలను యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. తమ మతాన్ని స్వేచ్ఛగా పాటించుకునే చోటు దొరికిన వారే బానిసల యజమానులు కూడా కావడం ఆ స్థలంలో విడదీయరాని చరిత్ర. హిందుస్తానీల భోజ్‌పురి, అవధి మాండలికాలు కలిసి సర్నామీ అయింది. దాన్ని ఇప్పుడు రోమన్ లిపిలో రాస్తారు. దేవనాగరి చదవని మనవలకు కూడా తాత మాట అందుతుంది.

తిండిలోనూ ఇదే కనిపిస్తుంది. మినప్పిండితో, నడుమ చిల్లుతో నూనెలో వేగే బారా మన గారెకు దూరపు చుట్టం; పిండిలో అక్కడి చేమ జాతి ఆకు తరుగు కలపడం సూరినామ్ నేర్పిన మార్పు. దుంప తురుములో కోడిమాంసం పెట్టి కాల్చే పొమ్ లేకుండా క్రియోల్ ఇళ్ళలో పుట్టినరోజు జరగదు. దాని మూలం యూదుల వంటింట్లో ఉందంటారు. జావా వాళ్ళ ‘సావోతో’ అనే సూపు అందరి ఇంటి వంటకం. హార్మోనియం, ఢోలక్, ఇనుప కడ్డీ దండతాళ్ తో సాగే బైఠక్ గానా హిందుస్తానీ పెళ్ళి పందిళ్ళలో మోగుతుంది. హోలీ, దీపావళి, రంజాన్, కేతి కోతి అన్నీ దేశమంతటికీ సెలవు రోజులు.

పారామారిబోలోని ఒక వీధిలో సినగాగు, మసీదు పక్కపక్కనే ఉన్న ఫొటోను ఈ దేశానికి గుర్తుగా అందరూ చూపుతారు. ఆ ఫొటో అబద్ధం కాదు. కానీ పక్కపక్కన ఉండగలగడం మంచితనం ఒక్కదాని వల్ల వచ్చిందని అనుకుంటే పొరపాటు. క్రియోల్‌ల ఆఫ్రికా మూలాల వింతి మతాచారం 1971 వరకు చట్టరీత్యా నేరం. ఆ దేశంలో సహనం అన్ని మతాలకూ ఒకేసారి దక్కలేదు. 1948లో వయోజన ఓటు హక్కు వచ్చిన ఆ రోజుల్లో పార్టీలు వర్గాల వారీగానే పుట్టాయి: క్రియోల్‌లకొకటి, హిందుస్తానీలకొకటి, జావా వాళ్ళకొకటి. ఎవరికీ ఒంటరిగా గెలిచే బలం లేదు కాబట్టి పొత్తులే దారి. క్రియోల్ నాయకుడు యోహాన్ పెంగెల్, హిందుస్తానీ నాయకుడు జగన్నాథ్ లచ్‌మన్ కలిసి నడిపిన ఈ పద్ధతికి సోదరభావ రాజకీయం అని పేరు. నా దృష్టిలో అది సోదరభావం కంటే జాగ్రత్తగా కట్టిన బేరం. బేరం కావడం వల్లనే నిలబడింది.

దానికి పెద్ద పరీక్ష స్వాతంత్ర్యం. 1960లలో పొరుగున బ్రిటిష్ గయానాలో ఆఫ్రికా, భారత సంతతి వారి మధ్య చెలరేగిన హింసను చూసిన లచ్‌మన్, క్రియోల్ ప్రభుత్వం కింద తొందరపాటు స్వాతంత్ర్యం వద్దన్నారు. చివరి క్షణంలో ఆయన, ప్రధాని హెంక్ ఆరన్ పార్లమెంటులో ఆలింగనం చేసుకున్నారు. 1975 నవంబరు 25న దేశం స్వతంత్రమైంది. అయితే భయం కౌగిలితో పోలేదు. 1970ల మధ్య నుంచి 1980 వరకు జనాభాలో సుమారు మూడోవంతు నెదర్లాండ్స్‌కు వెళ్ళిపోయింది. భారతదేశం నుంచి డచ్చి నేలకు ఒకసారి, అక్కడి నుంచి అసలు డచ్చి దేశానికి మరోసారి వలస పోయిన కుటుంబాలు హేగ్ నగరంలో నేడు వేలల్లో ఉన్నాయి.

1980 ఫిబ్రవరిలో డేసీ బౌతర్సె నాయకత్వాన సార్జెంట్లు అధికారం గుంజుకున్నారు. 1982 డిసెంబరు 8న సైనిక పాలనను విమర్శించిన 15 మందిని పారామారిబో కోటలో కాల్చి చంపారు. బౌతర్సె 2010 నుంచి 2020 దాకా ఎన్నికైన అధ్యక్షుడిగానూ పాలించాడు. ఆ హత్యలకు 20 ఏళ్ళ శిక్ష 2023 డిసెంబరులో ఖరారయ్యాక అజ్ఞాతంలోకి పోయి, ఏడాదికి అక్కడే చనిపోయాడు. 1986లో మొదలైన అంతర్యుద్ధంలో సైన్యానికి ఎదురు నిలిచింది అతని మాజీ అంగరక్షకుడు, మరూన్ యువకుడు రోనీ బ్రున్స్‌వైక్. ఆ ఏడాది నవంబరు 29న మోయివానా అనే న్‌జుకా గ్రామంలో సైన్యం కనీసం 39 మందిని చంపింది. ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు. బ్రున్స్‌వైక్ 2020లో ఉపాధ్యక్షుడయ్యాడు. అడవి మనుషులుగా నగరం చిన్నచూపు చూసిన మరూన్లు ఇప్పుడు దేశంలో రెండో పెద్ద వర్గం.

అయినా అడవి వారిదేనా అన్న ప్రశ్నకు చట్టం ఇంకా జవాబు చెప్పలేదు. సూరినామ్ అడవి ప్రపంచానికి సుపరిచితం: మధ్య సూరినామ్ ప్రకృతి అభయారణ్యం 16 లక్షల హెక్టార్లు, 2000లో యునెస్కో గుర్తింపు పొందింది, గలీబీ తీరంలో పెద్ద సముద్ర తాబేళ్ళు గుడ్లు పెడతాయి, దక్షిణపు సిపలివీని మైదానంలో నీలి రంగు విష కప్ప ఉంటుంది. అడవిలో అనుమతి లేని బంగారు తవ్వకాల నుంచి పాదరసం నదుల్లోకి, అక్కడి నుంచి చేపల్లోకి, చేపలు తినే మరూన్, ఆదివాసీ కుటుంబాల ఒంట్లోకి చేరుతోంది. తమ నేల మీద కలప కోతకు పరాయి కంపెనీలకు అనుమతులు ఇవ్వడంపై సారామాకాలు వేసిన కేసులో, సామూహిక భూమి హక్కును గుర్తించాలని అంతర అమెరికా మానవ హక్కుల న్యాయస్థానం 2007లో తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు నేటికీ పూర్తిగా అమలు కాలేదు.

సారామాకాలకు భూమి పోవడం అంటే ఏమిటో ఆ తీర్పుకు చాలా ముందే తెలుసు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా విమానాల అల్యూమినియానికి కావలసిన బాక్సైటు ఖనిజంలో పెద్ద వాటా సూరినామ్‌దే. యుద్ధం తరువాత అల్యూమినియం కరిగించే కర్మాగారానికి విద్యుత్తు కోసం సూరినామ్ నది మీద అఫోబాకా ఆనకట్ట కట్టారు. 1964లో నీళ్ళు నిలవడం మొదలై సుమారు 1,500 చదరపు కిలోమీటర్ల సరస్సు ఏర్పడింది. మునుగుతున్న అడవిలోంచి జంతువులను పడవల్లో తరలించే పనిని ఒక అంతర్జాతీయ జంతు సంరక్షణ సంస్థ చేపట్టింది. సుమారు పది వేల జంతువులను కాపాడింది, ప్రపంచ పత్రికలు దాన్ని మెచ్చుకున్నాయి. అదే నీటిలో సారామాకాల పూర్వీకుల గ్రామాలు, సమాధులు మునిగాయి. సుమారు ఆరు వేల మంది ఇళ్ళు విడిచారు. 1762 సంధి తరువాత రెండు వందల ఏళ్ళ పాటు ఎవరూ కదల్చని వాళ్ళు, వరుసగా కట్టిన పునరావాస ఇళ్ళలోకి మారారు. కర్మాగారం 1999లో మూతపడింది. ముందుగా నరకకుండానే ముంచేసిన అడవి చెట్లు చచ్చిపోయినా కుళ్ళలేదు. వాటి తలలు సరస్సు నిండా నీళ్ళపైకి నిలబడి ఉంటే, ఈతగాళ్ళు అడుగుకు దిగి ఆ కలపను కోసి అమ్ముతున్నారు.